దోషాన్వేషణము

కంప్యూటరు తనంత తాను ఆలోచింపజాలదు. మానవుడు వ్రాసియిచ్చిన ఆజ్ఞలను వరుస తప్పక, మిక్కిలి వేగముగా నెరవేర్చుటయే దాని పని. అట్టి ఆజ్ఞల సముదాయమునకే ప్రోగ్రామని పేరు. ఆజ్ఞలో పొరపాటున్నచో యంత్రము ఆ పొరపాటునే శ్రద్ధగా నెరవేర్చును. విత్తిన విత్తనమునుబట్టియే కదా పంట పండుట!

అట్టి పొరపాటు ఒక్కొక్కప్పుడు మహానష్టమునకు కారణమగును. 1996వ సంవత్సరము జూన్ 4వ తేదీన ఐరోపా దేశములవారు ఫ్రెంచి గయానా నుండి ఏరియాన్-5 అను రాకెట్టును తొలిసారిగా ప్రయోగించిరి. సుమారు 40 సెకనులలోనే అది దారి తప్పి ఆకాశమునందే బ్రద్దలయ్యెను. ఒక పెద్ద సంఖ్యను దానికి చాలని చిన్న స్థానమున ఇముడ్చబోవుటయే అందులకు మూలము. ఏరియాన్-4 కొరకు వ్రాసిన ఆ ప్రోగ్రాము, అంతకంటె వేగముగా సాగు క్రొత్త రాకెట్టునకు సరిపోలేదు.

ఇట్టి దోషమును 'బగ్' అందురు. బగ్ అనగా పురుగు. యంత్రదోషములను ఇంజనీర్లు ఈ మాటతో వ్యవహరించుట పూర్వమునుండియే కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయము వారి మార్క్-2 యంత్రములో నిజముగనే ఒక రెక్కల పురుగు చిక్కుకొనెను. పనివారు దానిని తీసి, దినచర్య పుస్తకమున అంటించి, అసలైన పురుగు దొరికినదని చమత్కారముగా వ్రాసిరి.

ప్రోగ్రామునందలి దోషమును వెదకుటకు తోడ్పడు సాధనము డీబగ్గరు. ప్రోగ్రామును వ్రాయుటకును దిద్దుటకును ఉపకరించునది ఎడిటరు. రిచర్డ్ స్టాల్మన్ అను అమెరికా దేశీయుడు 1985లో గ్నూ ఈమాక్స్ అను ఎడిటరును, 1986లో జీడీబీ అను డీబగ్గరును లోకమున కందించెను. ఈ రెండును వేరువేరు సాధనములే. అయినను ఈమాక్స్ లోపలినుండియే జీడీబీని నడుపవచ్చును. డీబగ్గరు విడిగా నున్నచో అది చెప్పిన పంక్తి సంఖ్యను గుర్తుంచుకొని, వ్రాతప్రతిలో ఆ పంక్తిని వెదకుకొనవలెను. రెండును ఒకచోట నున్నప్పుడు ఆ పంక్తియే ఎదుట నిలుచును.

ఒక ఉదాహరణమును పరిశీలింతము. ఐదుగురు విద్యార్థుల మార్కులు వరుసగా 40, 50, 60, 70, 80. వీని సగటు 60. కాని సీ భాషలో వ్రాసిన ఒక ప్రోగ్రాము 52 అని చూపుచున్నది. నాడి చూడకయే మందులు మార్చు వైద్యునివలె, ఊహపై ఒక్కొక్క పంక్తిని మార్చుచు పోయిన ప్రయోజనము లేదు.

మొదట ప్రోగ్రామును '-జి' అను సూచనతో కంపైలు చేయవలెను. అప్పుడు పంక్తుల సంఖ్యలును, చలరాశుల పేర్లును డీబగ్గరునకు తెలియును. పిదప ఈమాక్స్‌లో ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కి, 'జీడీబీ' అని టైపు చేసి, ప్రోగ్రాము పేరు నీయవలెను. మార్కులను కూడు పంక్తికి ఎడమ అంచున మౌసుతో నొక్కినచో ఎర్రని చుక్క యొకటి కనబడును. ఇదియే బ్రేక్‌పాయింటు; అనగా యంత్రము ఆగవలసిన చోటు. అంతట 'రన్' అను ఆజ్ఞ నీయగా, ప్రోగ్రాము అచ్చటికి వచ్చి ఆగును. ఆ పంక్తి ప్రక్కన ఒక బాణపు గుర్తు నిలుచును. బాణము చూపు పంక్తి ఇంకను నెరవేరలేదని, నెరవేరబోవుచున్నదని గ్రహింపవలెను.

ఇప్పుడు 'ప్రింట్' అను ఆజ్ఞతో వరుస సంఖ్యను అడిగినచో 1 అనియు, ఆ స్థానమునందలి మార్కులను అడిగినచో 50 అనియు సమాధానము వచ్చును. రహస్యము బయటపడినది! సీ భాషలో లెక్క 0 నుండి మొదలగును. 1 నుండి మొదలిడుటచే మొదటి విద్యార్థి మార్కులు 40 విడువబడినవి. మిగిలిన నలుగురి మొత్తము 260. దానిని 5చే భాగింపగా వచ్చినదే ఆ 52. 'నెక్స్ట్' అను ఆజ్ఞతో ఒక్కొక్క పంక్తియే ముందునకు సాగుచు ఈ సంగతిని రూఢి చేసికొనవచ్చును. పిదప అదే ఎడిటరులో 1ని 0గా దిద్ది, మరల కంపైలు చేయవలెను. కంపైలు చేయనిదే యంత్రము పాత ప్రతినే నడుపును. ఈసారి సమాధానము 60.

డీబగ్గరు దోషమును దిద్దదు; ఉన్నది ఉన్నట్లు చూపును. ఏ చోట ఏ విలువ ఉండవలెనో ముందుగా తెలిసికొని, కనబడిన దానితో పోల్చి చూచుట మానవుని పని. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ యంత్రమును నిర్మించిన మారిస్ విల్క్స్ మహాశయుడు, తన శేషజీవితమున చాల భాగము స్వంత ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే వ్యయమగునని ఆనాడే గ్రహించెను. అంతటి వానికే తప్పని పని మరెవ్వరికి తప్పును? తప్పు దొరలుట సహజము. ఓర్పుతో దాని మూలమును కనుగొనుటయే విద్య.