ఒక్కడి ఆవేశం, జట్టంతటికీ నష్టం

ఆటలో నేర్పుంటే చాలు, నడవడి ఎలా ఉన్నా గెలుపు మనదేనని మన యౌవనస్థులు కొందరు అనుకుంటారు. కబడ్డీ నియమాలు ఆ మాట ఒప్పుకోవు. మొరటుగా ఆడి పసుపు కార్డు తెచ్చుకున్నవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అతని చోట ఇంకొకరు దిగకూడదు. తప్పు చేసినవాడు కూర్చుంటే, చేయని ఆరుగురు ఏడుగురి భారం మోయాలి.

జినదిన్ జిదాన్ సంగతే చూడండి. 2006 జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఏడో నిమిషంలోనే ఫ్రాన్స్‌కు గోల్ ఇచ్చిన నాయకుడు అదనపు సమయంలో, 110వ నిమిషంలో, ఇటలీ ఆటగాడు మాటెరాజ్జీ ఛాతీని తలతో గుద్దాడు. ఎర్ర కార్డు పడింది. పెనాల్టీల వేళ ఫ్రాన్స్‌కు కావలసిన మనిషి మైదానంలో లేడు. 5-3తో ఇటలీ గెలిచింది. అవతలివాడు నోరు జారాడన్నది నిజమే. కానీ రెచ్చగొట్టేవాడు కోరుకునేదే అది కదా!

మన హైదరాబాదీ సిరాజ్ చేసింది అంత పెద్ద తప్పు కాదు. అయినా 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ను సాగనంపిన తీరుకు మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత, ఒక డీమెరిట్ పాయింటు. 2025 జూలైలో లార్డ్స్‌లో డకెట్ ఔటైనప్పుడు ఇంకో పాయింటు. 24 నెలల్లో ఇవి నాలుగైతే ఒక టెస్టుకు దూరం కావచ్చు. నెల తిరక్కుండానే ఓవల్‌లో ఐదు వికెట్లు తీసి, 6 పరుగుల తేడాతో భారత్‌ను గెలిపించింది ఆ సిరాజే. ఆనాడు అతడు బయట ఉండి ఉంటే?

యెహోషువ 7వ అధ్యాయంలో ఆకాను ఒక్కడే దొంగిలించాడు. హాయి పట్టణం ఎదుట చచ్చినవారు ముప్పదియారుగురు. వారిలో ఎవరూ ఆ బంగారం ముట్టలేదు.

గుమ్మలక్ష్మీపురం పరిసర సంఘాల్లో పోటీలు నడిపే పెద్దలకు మా మనవి ఒక్కటే. మీ జట్టులో బాగా ఆడేవాడు ఎదుటివాడి మోకాలి మీద తన్నితే, రిఫరీ చూడలేదు కదా అని ఊరుకోకండి. మీరే పిలిచి కూర్చోబెట్టండి. ఆ పూట ఓడిపోవచ్చు. ఇశ్రాయేలీయులు కూడా ముందు తమ పాళెంలోని సంగతి సరిచేసుకున్నాకే హాయి మీదికి మళ్లీ వెళ్లారు.