నయా పైసల 'నయా' యాడికి పోయింది?

మీ నాయినమ్మ సందుగు అడుగున ఒక గుడ్డ మూట ఉంటది. ఇప్పి చూస్తే నాలుగు బిళ్లలు. ఒకదాని మీద 'నయా పైసా' అని, ఇంకోదాని మీద ఉత్త 'పైసా' అని, మరొకదాని మీద చార్మినార్ బొమ్మ. గప్పుడే ఫోన్ల ఒక వీడియో వస్తది. 'ఈ బిళ్ల మీ ఇంట్ల ఉంటే లక్షలు మీయే' అని. ఎవరికైనా ఆశ పుడ్తది. కానీ ఆ బిళ్ల ఖరీదు ఎంతనో తెల్వాల్నంటే, ముందుగాల అది ఏ బిళ్లనో తెల్వాలె. పేరు మారిన పైసలను నాణేలు జమ చేసేటోళ్లు ఎట్ల లెక్క రాసుకుంటరో తెలిస్తే సగం మోసాలు ఆడికే ఆగిపోతయ్.

పేరు అదే, విలువ మారింది

1957కు ముందు రూపాయికి 16 అణాలు. అణాకు 4 పైసలు. అంటే రూపాయికి 64 పైసలన్నట్టు. 1955ల చట్టం మార్చి, 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలు చేసిండ్రు. రూపాయి మాత్రం ఎప్పటిలెక్కనే ఉన్నది.

ఈడనే చిక్కొచ్చింది. అంగట్ల పాత పైస, కొత్త పైస రెండూ తిరుగుతున్నయ్. దుకాణపాయన 'ఒక పైస' అంటే 64ల ఒకటా, 100ల ఒకటా? ఆ తకరారు రావొద్దనే కొత్తదానికి 'నయా పైసా' అని పేరు పెట్టిండ్రు. జనానికి సమజ్ కావాల్నని ఒక నయా పైస బిళ్ల మీద 'రూపాయిల నూరో వంతు' అని హిందీల అచ్చు గూడ ఏసిండ్రు.

పాత అణాకు లెక్క గడితే ఆరుంబావు నయా పైసలు. సమంగ కుదరలె. చారాణకు 25, ఆఠాణకు 50 మాత్రం సక్కగ కూసున్నయ్. అందుకే అణాలు పోయినా ఆ మాటలు మన నోట్ల బతికే ఉన్నయ్. 'చారాణ కోడికి బారాణ మసాలా' అని ఇప్పటికీ అంటనే ఉన్నం కదా.

విలువ అదే, పేరు మారింది

ఏడేండ్లల్ల జనం కొత్త లెక్కకు అలవాటు పడ్డరు. ఇంక 'నయా' ఎందుకని 1964 జూన్ 1 నుంచి ఆ మాట తీసేసిండ్రు. ఈసారి విలువ ఇసుమంత గూడ మారలె. నిన్నటి 10 నయా పైసలు, ఇయ్యాల్టి 10 పైసలు ఒక్కటే.

ఇది మంచిగ యాదిపెట్టుకోవాలె. 1957ల పైస అనే మాట నిలబడ్డది, విలువ మారింది. 1964ల విలువ నిలబడ్డది, మాట మారింది. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేటోడు లెక్క తెల్వనోడన్నా కావాలె, మోసగాడన్నా కావాలె.

పుస్తకంల ఎట్ల ఎక్కిస్తరు?

ప్రపంచ నాణేలకు క్రాజ్, మిష్లర్ అనే ఇద్దరి పేరు మీద ఒక పెద్ద కేటలాగ్ ఉన్నది. దాంట్ల ఒక్కో రకం బిళ్లకు 'కేఎం' నంబర్ ఇస్తరు. ముందు దేశం, తర్వాత కాలం, ఆ తర్వాత బిళ్ల విలువ. మన రూపాయిని 100 నయే పైసల కాలం 1957 నుంచి 1963 దాక అని, 100 పైసల కాలం 1964 నుంచి అని విడగొట్టిండ్రు.

జూన్ 1న పేరు మారితే, 1964 సాల్ మొత్తాన్ని కొత్త కాలంల ఎందుకేసిండ్రు? ఎందుకంటే జమ చేసేటోళ్లు చట్టం తారీఖు చూడరు, బిళ్ల మీద ఏమున్నదో చూస్తరు. 1963 బిళ్లల మీద 'నయా' ఉంటది, 1964 బిళ్లల మీద ఉండది. అంతే.

ఇంకో పద్ధతి ఉన్నది. బిళ్ల మీద రాత మారితే కొత్త నంబర్. రాత అదే ఉండి లోహం మారితే పాత నంబర్ పక్కపొంటి ఒక అక్షరం. ఒక నయా పైస కంచు బిళ్ల కేఎం 8. అదే రాతతోని నికెల్ ఇత్తడిల వస్తే 8ఎ. 1964ల గూడ అదే నికెల్ ఇత్తడి, కానీ 'నయా' పోయింది, అందుకే అది కేఎం 9 అయింది. 1962ల నయా పైస రెండు లోహాల్ల వచ్చింది. కాబట్టి సాల్ ఒక్కటి చూస్తే సాలదు, బిళ్ల రంగు గూడ చూడాలె.

చివరికి టంకశాల గుర్తు. సాల్ అంకె కింద సన్నగ చూడుండ్రి. కలకత్తా బిళ్లకు ఏ గుర్తూ ఉండది. బొంబాయిది డైమండ్. మన హైదరాబాద్‌ది మొదట్ల ఇంకో తీరు డైమండ్, తర్వాత నక్షత్రం. నిజాం నాటి సైఫాబాద్ టంకశాల తర్వాత కేంద్రం చేతికి వచ్చింది. 1997ల చర్లపల్లికి పోయింది.

చార్మినార్ బిళ్ల సంగతి

దీన్ని ఈ వరుసల ఎతికితే దొరకది. సంస్థానాల కింద, హైదరాబాద్ పేరు మీద ఉంటది. దాన్ని మన పెద్దలు 'హాలీ' అన్నరు, ఇంగ్లీషోళ్ల రూపాయిని 'కల్దార్' అన్నరు. నోట్ల మీద ఉస్మానియా సిక్కా అనే పేరు వచ్చింది. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు లెక్క. బిళ్ల మీద ఉండేది హిజ్రీ సాల్. 1330 అంటే మన లెక్కల 1911-12. చార్మినార్ దర్వాజల ఉర్దూ 'ఐన్' అక్షరం ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది, 'మీమ్' ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్‌ది.

మరి లక్షల సంగతేంది?

నయా పైసలు కోట్లకు కోట్లు అచ్చైనయ్. మామూలు బిళ్లకు లక్షలెవరూ ఇయ్యరు. ఖరీదు వచ్చేది రకం, టంకశాల, బిళ్ల ఎంత అరగకుండ ఉన్నది అనేదాన్ని బట్టి. చింతపండు పెట్టి తోమితే ఉన్న ఖరీదు గూడ పోతది. ఎవడన్న '3 నయా పైసల బిళ్ల' అని చూపిస్తే నమ్మకుండ్రి. 3 పైసల బిళ్ల మొదలైందే 1964ల, అప్పటికే 'నయా' పోయింది.

'ముందు రిజిస్ట్రేషన్ పైసలు పంపు, తర్వాత బిళ్ల కొంటం' అన్నోనికి ఒక్క రూపాయి గూడ పంపొద్దు. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇసొంటి ఫీజులు వసూలు చేస్తున్నరని, తమకు ఆ పనితోని సంబంధమే లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టుల హెచ్చరించింది.

మూట విప్పినప్పుడు ఫోన్ పక్కకు పెట్టి నాయినమ్మను పక్కన కూసోబెట్టుకోండ్రి. ఒక్కో బిళ్లను ఆమె ఏ పేరుతోని పిలిచేదో, దానికి అంగట్ల ఏమొచ్చేదో అడిగి రాసుకోండ్రి. కేటలాగుల నంబర్ దొరుకుతది గని, ఆ ముచ్చట దొరకది.