బీగిల్ (కుక్క జాతి)

బీగిల్ ఇంగ్లండులో రూపుదిద్దుకున్న ఒక చిన్న వేటకుక్కల జాతి. చూపుతో కాక వాసనతో వేటను పసిగట్టే జాగిలాల వర్గానికి ఇది చెందుతుంది. కుందేళ్ళ వేట కొరకు అభివృద్ధి చేసిన ఈ జాతి నేడు భారతదేశ నగరాలతో సహా అనేక దేశాలలో పెంపుడు జంతువుగా ఆదరణ పొందుతున్నది. ముద్దులొలికే రూపాన్ని చూసి దీనిని ఇంటికి తెచ్చుకునేవారు అనేకులు. అయితే దీని పెంపకంలో ఎదురయ్యే ఇబ్బందులలో అధికభాగం దాని ముక్కుతో ముడిపడి ఉన్నవే.

చరిత్ర

బీగిల్ అనే పేరుతో చిన్న వేటకుక్కలు ఇంగ్లండులో శతాబ్దాలుగా ఉన్నప్పటికీ, నేటి జాతి 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1830వ దశకంలో ఎసెక్స్ ప్రాంతంలో ఫిలిప్ హనీవుడ్ అనే క్రైస్తవ మతాచార్యుడు పెంచిన కుక్కల గుంపును ఈ జాతికి పునాదిగా పేర్కొంటారు. 1885లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనిని గుర్తించింది. 1890లో ఇంగ్లండులో బీగిల్ క్లబ్ ఏర్పడింది. వేటగాళ్ళు సాధారణంగా ఈ గుంపులను కాలినడకన అనుసరించేవారు.

శారీరక లక్షణాలు

ఎత్తు భుజం వద్ద 33 నుండి 41 సెంటీమీటర్లు, బరువు సుమారు 9 నుండి 11 కిలోలు ఉంటుంది. పొట్టిగా, దట్టంగా ఉండే వెంట్రుకలు, వేలాడే పొడవాటి చెవులు దీని గుర్తులు. నలుపు, తెలుపు, గోధుమ రంగులు కలిసినవి ఎక్కువగా కనిపిస్తాయి. పైకెత్తి ఉంచే తోక కొన తెల్లగా ఉంటుంది. తల వంచి వాసన చూస్తూ పోయే కుక్కను పొడవైన గడ్డిలో గుర్తించడానికి ఇది తోడ్పడుతుంది. జీవితకాలం సుమారు 12 నుండి 15 సంవత్సరాలు.

ఘ్రాణశక్తి

1950వ దశకంలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక ఎకరం పొలంలో ఎలుకను వదలి వివిధ జాతుల కుక్కలను పరీక్షించారు. బీగిళ్ళు ఒక నిమిషం లోపుననే దానిని కనుగొన్నాయి. ఫాక్స్ టెర్రియర్లకు 15 నిమిషాలు పట్టింది. 1984లో లాస్ ఏంజిలస్ విమానాశ్రయంలో ప్రయాణికుల సామానులోని నిషిద్ధ పండ్లు, మాంసం పసిగట్టే పనికి అమెరికా వ్యవసాయ శాఖ బీగిళ్ళను నియమించింది. చిన్న ఆకారం వలన ఇవి జనాన్ని భయపెట్టవు.

స్వభావం

గుంపులో బ్రతకడానికి అలవాటు పడిన జాతి కావున బీగిల్ ఒంటరితనాన్ని సహించలేదు. పగలంతా తాళం వేసి వెళ్ళే ఇంట్లో అది ఊళ పెడుతుంది, సామాను కొరుకుతుంది. దూరం నుండే వేటగాడికి వినబడే దాని గొంతు అపార్టుమెంటులో ఇరుగుపొరుగుతో తగవులకు కారణమవుతుంది. పిల్లలతోను, ఇతర కుక్కలతోను ఇది సాధారణంగా స్నేహంగా మెలగుతుంది. ఈ సాధుగుణమే దాని పాలిట శాపమై, ఔషధ పరీక్షల ప్రయోగశాలలలో అధికంగా వాడబడే కుక్క జాతి అయింది. 2022లో అమెరికాలోని వర్జీనియాలో అటువంటి ఒక పెంపక కేంద్రం నుండి సుమారు 4,000 బీగిళ్ళను విడిపించి దత్తత ఇచ్చారు.

పెంపకం

వాసన వెంట పడిన బీగిల్ యజమాని పిలుపును లెక్కచేయదు. ఇది అవిధేయత కాదు; తరతరాలుగా ఆ గుణం కొరకే దానిని ఎంచి పెంచారు. అందువలన బయట ఎల్లప్పుడూ పట్టీ వేసి నడిపించాలి, గేటు మూసి ఉంచాలి, ప్రహరీ కింద తవ్విన సందులు పూడ్చాలి. తెరచిన గేటు గుండా వాసన వెంట పోయిన కుక్క వాహనాల కింద పడే ప్రమాదం ఉంది. మెడపట్టీకి ఫోను నంబరు గల బిళ్ళ తగిలించడం మంచిది.

రోజుకు కనీసం గంటసేపు నడక అవసరం. నడకలో ఆగి వాసన చూడనివ్వడం దానికి మానసిక వ్యాయామం. తెలుగు ప్రాంతాల వేసవిలో తెల్లవారుజామున, సూర్యాస్తమయం తరువాత మాత్రమే నడిపించాలి. శిక్షణలో దండన కంటే చిన్న తిండి ముక్కలు బాగా పనిచేస్తాయి; ఆ ముక్కలను రోజువారీ ఆహారం నుండే తగ్గించాలి.

ఆరోగ్యం

బీగిల్ ఎంత పెట్టినా తింటుంది కావున స్థూలకాయం దీనికి ప్రధాన సమస్య. అధిక బరువు కీళ్ళకు, వెన్నెముకకు చేటు. ప్రక్కటెముకలు కంటికి కనబడకుండా, చేతికి తగిలే స్థితిలో ఉండడం సరైన బరువుకు గుర్తు. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషతుల్యం. చెత్తబుట్టను సైతం మూత పెట్టి ఉంచాలి.

వేలాడే చెవులలో గాలి ఆడక తేమ నిలిచి అంటువ్యాధులు కలుగుతాయి. వారానికి ఒకసారి చెవులు పరిశీలించాలి. దుర్వాసన, ఎరుపు, తల విదల్చడం కనిపిస్తే పశువైద్యునికి చూపాలి. చెవి లోపలకు పుల్లలు పెట్టరాదు. మూర్ఛ, థైరాయిడ్ లోపం, వెన్నుపూసల మధ్య డిస్కు జబ్బు ఈ జాతిలో కనిపిస్తాయి. మన ప్రాంతంలో గోమార్ల వలన వచ్చే జ్వరాలు కూడా ఎక్కువ. నడక నుండి వచ్చిన తరువాత చెవుల వెనుక, వేళ్ళ సందులలో వెదకాలి. రేబిస్ టీకా సాధారణంగా 3 నెలల వయసులో ఇస్తారు. ఆపై వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ వేయించాలి.