మూడు పిన్నుల ప్లగ్గు, నాలుగంతస్తుల బిల్డింగు

ఎలక్ట్రిక్ కారు కొన్నానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న “ఒక్క చార్జింగుకి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?” అని. రెండోది “ఎంత పడింది?” అని. అసలు అడగవలసిన ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. “రాత్రిపూట దాన్ని ఎక్కడ కడతావు?” పూర్వం మన ఊళ్ళల్లో ఎద్దుని కొనేవాడు ముందు కొట్టం చూసుకునేవాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నేను కొట్టం చూసుకోకుండా ఎద్దుని తోలుకొచ్చాను. ఆ కథ, దాని వెనకున్న కాస్త టెక్నాలజీ ఈసారి మీతో పంచుకుంటాను.

మేముండేది దోహాలోని ఉమ్ ఘువైలినాలో. ముషైరెబ్ నుంచి మెట్రో రెడ్ లైన్ ఎక్కితే రెండో స్టేషను. వరసగా అపార్ట్‌మెంట్లు, కింద కిరాణా కొట్లు, లాండ్రీలు, కారు పెట్టుకోవడానికి రోజూ సాయంత్రం చిన్నపాటి యుద్ధం. మా బిల్డింగుది నాలుగంతస్తులు. మిగతా చాలా ఇళ్ళలాగే మా అద్దె కూడా “కహ్రమా కలిపి”. అంటే కరెంటు, నీళ్ళ బిల్లు ఓనరే కడతాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ముందు లెక్క చూద్దాం

నాది 60 యూనిట్ల బ్యాటరీ. కతార్‌లో ఇంటి కరెంటు 240 వోల్టులు. కారుతో వచ్చే కేబుల్ మామూలు మూడు పిన్నుల సాకెట్ నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 2.4 కిలోవాట్లు. దారిలో పోయేది పోగా బ్యాటరీలోకి చేరేది 2.1 అనుకోండి. 20 శాతం నుంచి 80 శాతానికి ఎక్కించాలంటే 36 యూనిట్లు కావాలి. పదిహేడు గంటలు! ఈ అంకె చూసే చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు.

కానీ పెట్రోలు ట్యాంకు అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దోహా చిన్న ఊరు. ఆఫీసు, పిల్లల స్కూలు, కూరగాయలు, అన్నీ కలిపి నా రోజువారీ తిరుగుడు 40 కిలోమీటర్లు. ఏసీతో సహా కిలోమీటరుకి 0.2 యూనిట్ వేసుకున్నా రోజుకి 8 యూనిట్లు. ఆ నెమ్మది సాకెట్ మీదే నాలుగు గంటల పని. మనం పడుకున్నంతసేపు చాలు. ఫోనుని నింపినట్టు రోజూ కొంచెం నింపుకోవాలి, అంతే.

డబ్బు సంగతో? ఇక్కడ నిజం చెప్పాలి. నెలకి 1200 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకి 12 ఇచ్చే పెట్రోలు బండికి వంద లీటర్లు. లీటరు రెండు రియాళ్ళ చుట్టుపక్కల ఉండే దేశంలో అది 200 రియాళ్ళు. నా కారుకి నష్టాలతో కలిపి 265 యూనిట్లు. యూనిట్ 15 దిర్హాములు అనుకుంటే 40 రియాళ్ళు. మిగిలేది నెలకి 160. కారు ధరలో తేడా 20,000 రియాళ్ళుంటే అది తిరిగి రావడానికి పదేళ్ళు. కాబట్టి దోహాలో పొదుపు కోసం ఎలక్ట్రిక్ కారు కొనకండి. అదే హైదరాబాదులో లెక్క తిరగబడుతుంది. లీటరు వంద రూపాయలు దాటిన చోట వంద లీటర్లంటే పదివేల పైమాటే. యూనిట్ పది రూపాయలనుకున్నా చార్జింగుకి 2,650. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది, 2026 చివరిదాకా.

మరి నేనెందుకు కొన్నాను? నిశ్శబ్దంగా పోతుందని, కొత్త యంత్రం లోపల ఏముందో చూడాలని. మనలాంటి వాళ్ళకి ఆ రెండో కారణం చాలు.

కారూ గోడా మాట్లాడుకుంటాయి

కేబుల్ కారుకి తగిలించగానే కరెంటు పారదు. ముందు హ్యాండ్‌షేక్ జరుగుతుంది. కనెక్టరులో కంట్రోల్ పైలట్ అనే పిన్ను ఉంటుంది. చార్జర్ దాని మీద 12 వోల్టులు పెట్టి ఎదురుచూస్తుంది. కారు తగలగానే లోపలున్న రెసిస్టర్ వల్ల అది 9కి పడుతుంది: “వచ్చాను”. కారు సిద్ధమయ్యాక 6కి పడుతుంది: “ఇక పంపు”. అప్పుడు మాత్రమే రిలే మూసుకుని కరెంటు మొదలవుతుంది.

ఎంత పంపాలో కూడా ఆ పిన్నే చెబుతుంది. సెకనుకి వెయ్యిసార్లు కొట్టుకునే చదరపు అల అది. ఒక్కో చుట్టులో అది ఎంత శాతం సేపు పైన ఉంటుందో, దాన్ని 0.6తో గుణిస్తే ఆంపియర్లు. 50 శాతమైతే 30 ఆంపియర్లు. కారు ఆ పరిమితి దాటకూడదు. ఇంత ముచ్చటైన ప్రోటోకాల్ ఉండగా ఇంకేం ప్రమాదం అనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

జూలైలో ఒక రాత్రి

మొదటి రెండు వారాలు ఒక మాల్ దగ్గరున్న ఫాస్ట్ చార్జరుతో గడిపాను. తర్వాత బద్ధకం. పార్కింగులో నీళ్ళ పంపు గది పక్కన ఒక పాత సాకెట్ ఉంది. కారు దాకా అందదు కనుక ఒక ఎక్స్‌టెన్షన్ చక్రం కొని, సగం చుట్ట విప్పి, తగిలించి పడుకున్నాను.

రాత్రి రెండింటికి తలుపు చప్పుడు. మా బిల్డింగు వాచ్‌మన్. జగిత్యాల వైపు మనిషి. “సార్, జర కిందికి రండ్రి. ప్లగ్గు కాడ వాసనొస్తున్నది” అన్నాడు. పరుగున వెళ్ళాను. అతనప్పటికే బ్రేకర్ దించేశాడు. సాకెట్ మొహం గోధుమ రంగుకి తిరిగింది. చక్రం లోపలి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పైన నాలుగంతస్తుల్లో పిల్లాపాపలతో అందరూ నిద్రపోతున్నారు.

ఏం జరిగింది? ఇస్త్రీపెట్టె కూడా బాగానే కరెంటు తింటుంది కానీ కాసేపే. కారు అదే పనిగా గంటల తరబడి లాగుతుంది. పాత సాకెట్లో బిగుతు తగ్గిన కాంటాక్టు రెసిస్టెన్సు 0.2 ఓములున్నా, 10 ఆంపియర్ల దగ్గర అది 20 వాట్ల వేడి. గోరంత చోట దాదాపు ఒక సోల్డరింగ్ ఐరన్ అన్నమాట. దానికి తోడు చుట్టలో వేడి బయటికి పోయే దారి లేదు, బయట దోహా వేసవి.

మరి ఆ హ్యాండ్‌షేక్ ఏం చేసింది? దాని పని అది సరిగ్గానే చేసింది. అది మాట్లాడేది కేబుల్ మధ్యలో ఉన్న పెట్టెకీ కారుకీ మధ్య మాత్రమే. పెట్టెకి వెనకున్న చక్రం, సాకెట్, గోడలోని తీగ దానికి కనబడవు. కొన్ని కేబుళ్ళకి ప్లగ్గులో వేడిని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. ఉన్నా అది చక్రం దగ్గరే ఆగిపోతుంది. ఒక హాప్ వరకే ఉన్న హామీని ఎండ్-టు-ఎండ్ అనుకుంటే ఏమవుతుందో రోజూ జూనియర్లకి చెప్పే మనిషిని నేను!

ఆ రాత్రి వాచ్‌మన్ అడిగిన ప్రశ్న మాత్రం ఏ స్టాండర్డులోనూ లేదు. “ఓనరు అడిగితే నేనేం చెప్పాలె సార్?” ఆ సాకెట్ మీటరు ఓనరుది. పంపు గది బాధ్యత అతనిది. నా బద్ధకానికి ఉద్యోగం పోయేది అతనిది. “కహ్రమా కలిపి” అంటే ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ అని ఒప్పందంలో రాయకపోయినా ఇద్దరికీ తెలుసు. నెలకి 265 యూనిట్లు చెప్పకుండా కారులో పోసుకోవడం అందులో లేదు.

పొద్దున్నే బిల్డింగు మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను, వాచ్‌మనే కాపాడాడని కూడా. ముందు కారు తీసేయమన్నారు. మూడు వారాలు తిరిగాక ఒప్పుకున్నారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియను వచ్చి బిల్డింగు లోడు చూశాడు. 32 ఆంపియర్ల చార్జర్ అంటే నాలుగు స్ప్లిట్ ఏసీలు అదనంగా నడిపినట్టే, వేసవిలో వద్దన్నాడు. 16 ఆంపియర్లకి దించి, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, బ్రేకరు, లీకేజీ కరెంటుకి తెగిపోయే ఆర్‌సీడీ, ఒక సబ్‌మీటరు పెట్టాడు. ఖర్చు నాది. సబ్‌మీటరు ప్రకారం నెలనెలా డబ్బు కడతాను. ఇల్లు ఖాళీ చేస్తే చార్జర్ బిల్డింగుకే వదిలేస్తాను. అంతా కాగితం మీద రాసుకున్నాం.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు

మొదటిది, పోర్టు. గల్ఫులో చైనా మార్కెట్ కోసం చేసిన కార్లు కూడా అమ్ముతారు. వాటికి జీబీ/టీ పోర్టు ఉంటుంది. టైప్ 2, సీసీఎస్ 2 చార్జర్ల ముందు అడాప్టర్ వెతుక్కోవాలి. కొనేముందు మూత తెరిచి చూడండి.

రెండోది, వేడి. బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో అడగండి. 2010 చివర్లో అమ్మకానికొచ్చిన నిస్సాన్ లీఫ్‌కి అది లేదు. 2012లో అరిజోనా ఎండల్లో యజమానులు బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోతోందని గోల పెట్టాక, కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ చేర్చింది. దోహా ఎండ ఫీనిక్సుకి తీసిపోదు. నీడలో పెట్టండి, నిండా నింపి ఎండలో వదిలేయకండి.

మూడోది, వారంటీ కతార్‌లో చెల్లుతుందో లేదో కాగితం చదవండి. నాలుగోది, మనం ఇక్కడ శాశ్వతం కాదు. ఎడమ స్టీరింగు బండి మన ఊరికి రాదు. వెళ్ళేటప్పుడు అమ్మక తప్పదు, కనుక అప్పు మూడేళ్ళకి మించనివ్వకండి.

మొన్న రెండో అంతస్తులో ఉండే కేరళ ఆయన కూడా ఎలక్ట్రిక్ కారు చూస్తున్నానని చెప్పారు. రెండు కార్లు ఒకే లైను మీద 16 ఆంపియర్లని ఎలా పంచుకోవాలన్నది మా తర్వాతి సమస్య. ఒకటి పన్నెండింటి దాకా, ఇంకోటి ఆ తర్వాత అని ప్రస్తుతానికి అనుకున్నాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు వస్తుందని కాదు. “మీరు ఆ లైను ఎవర్ని అడిగి వేయించారు?” అని.

సరైన ప్రశ్న అడిగారు, వాచ్‌మన్‌ని అడగమన్నాను. ఇప్పుడు ఆ బోర్డు తాళం అతని దగ్గరే ఉంటుంది.