పెరటి అవిసె: పూలు కూరకు, ఆకులు నేలకు
గాలివానల ఊళ్లో నిలవాలంటే చెట్టుగా వదిలేయకుండా పొదగా పెంచాలి

పుదుచ్చేరి ఫోటోల్లో వైభవమంతా ఫ్రెంచి వీధుల గోడల మీంచి వేలాడే కాగితం పూలదే. కానీ ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవారికి అంతకన్నా అక్కరకొచ్చే పూలమొక్క అవిసె. తమిళులకిది అగత్తి. ఏకాదశి ఉపవాసమున్నవారు ద్వాదశినాడు తినే ఆకుకూర ఇదే. తెలుగు రైతులకు తమలపాకు తోటల్లో తీగకు ఊతమిచ్చే చెట్టుగా పరిచయం. నూనె తీసే అవిసె గింజలతో దీనికి సంబంధం లేదు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందింది.

అసలు విశేషం వేళ్లలో ఉంది. అక్కడి బుడిపెల్లో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మారుస్తుంది. బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి. అంటే పని జరుగుతోందన్నమాట. రుద్దినా ఊడిరాకుండా వేరే ఉబ్బినట్టుంటే అది నులిపురుగుల బెడద. యూరియా వేస్తే బుడిపెలు సరిగా ఏర్పడవు.

అవిసె నాటగానే పక్క మొక్కలకు ఎరువు అందుతుందన్నది అపోహ. కూడబెట్టిన నత్రజనిలో ఎక్కువ భాగాన్ని అవిసె తనకే వాడుకుంటుంది. కోసిన కొమ్మలు, రాలిన ఆకులు మట్టిలో కుళ్లినప్పుడే ఇతర మొక్కలకు వాటా దక్కుతుంది. కాబట్టి కత్తిరించడమే ఇందులో కీలకం.

దానికి మరో కారణమూ ఉంది. మంచు పడే చోట బతకని ఈ మొక్కకు పుదుచ్చేరిలో చలి బాధ లేదు, గాలి బాధే. వేగంగా ఎదిగే అవిసె కలప మెత్తన, ఇట్టే విరుగుతుంది. 2011 డిసెంబరు 30న థానే, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాన్లు ఈ తీరాన్నే తాకాయి.

గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఎండ బాగా తగిలేచోట నేరుగా నాటాలి. మొక్క నడుమెత్తుకు రాగానే చిగురు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకు ముందు, సెప్టెంబరులో, పొడవైన కొమ్మల్ని కత్తిరించి మొక్కల మొదళ్లలో పరచాలి. అయితే మోడు చేయకూడదు. కనీసం మీటరు కాండం, కొంత ఆకు ఉంచకపోతే చచ్చిపోతుంది.

అవిసె దీర్ఘాయుష్కురాలేమీ కాదు. ఓపిక అయిపోయాక పెకలించకుండా మొదలు నరికి, వేళ్లను మట్టిలోనే వదిలేయాలి. ఆ పక్కనే దాని కాయలోని గింజ ఒకటి నాటితే మళ్లీ పూలకు ఎంతో కాలం పట్టదు.