విన్సెంట్ డి పాల్ సొసైటీ

విన్సెంట్ డి పాల్ సొసైటీ కథోలిక విచారణలను ఆధారంగా చేసుకొని పేదలకు సేవ చేసే గృహస్థుల సంస్థ. ఇది 1833 ఏప్రిల్ 23న ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో ప్రారంభమైనది. కథోలికుల పరిభాషలో విచారణ అనగా ఒక గురువు పర్యవేక్షణలో ఉండే చర్చి, దాని పరిధిలోని విశ్వాసుల సమూహం. సాధారణంగా ఒక్కొక్క విచారణలో ఒక శాఖ ఉంటుంది. దానిని కాన్ఫరెన్సు అంటారు. సభ్యులలో అత్యధికులు సన్యాసులు కారు, ఉద్యోగాలు, కుటుంబాలు ఉన్న సామాన్యులు. సహాయం కోరినవారిని చర్చి గుమ్మం వద్ద నిలబెట్టి దానం చేయడం కాక, సభ్యులే వారి యింటికి వెళ్ళి కూర్చుని మాట్లాడడం ఈ సంస్థ ప్రధాన లక్షణం.

పేరు

పేరును బట్టి దీనిని పునీత విన్సెంట్ డి పాల్ (1581-1660) స్థాపించినట్లు కొందరు భావిస్తారు. అది సరి కాదు. అతడు మరణించిన తరువాత 170 ఏళ్ళకు పైగా గడచిన పిమ్మట ఇది పుట్టినది. అయితే పేరు పెట్టుకొనడానికి తగిన కారణం ఉన్నది. 1617లో విన్సెంట్ ఫ్రాన్సులోని షాటియోన్ అనే ఊరిలో విచారణ గురువుగా ఉండగా, ఒక కుటుంబంలో అందరూ జబ్బుపడి దిక్కులేక ఉన్నారని తెలిసి ప్రసంగంలో ఆ సంగతి చెప్పినాడు. ఆనాడే ఊరి జనం తండోపతండాలుగా ఆహారం పట్టుకొని ఆ యింటికి బయలుదేరినారు. ఒక్కరోజే అంత తిండి వచ్చిపడితే చాలా భాగం పాడైపోతుందని, తరువాత ఆ కుటుంబం మళ్ళీ పస్తులుండవలసి వస్తుందని విన్సెంట్ గ్రహించినాడు. ప్రజలలో దయ లేకపోవడం కాదు, దానికి ఒక వరుస లేకపోవడమే లోపమని అతనికి తోచినది. ఊరి స్త్రీలను కూడగట్టి, వంతులవారీగా రోగులకు భోజనం తీసుకొని వెళ్ళే ఏర్పాటు చేసినాడు. విచారణ స్థాయిలో క్రమబద్ధమైన సేవకు ఇది తొలి నమూనాలలో ఒకటి.

ప్రారంభం

సంస్థ వ్యవస్థాపకులలో ముఖ్యుడు ఫ్రెడరిక్ ఓజనామ్. ఇతడు 1813 ఏప్రిల్ 23న మిలాన్‌లో జన్మించి లియోన్ నగరంలో పెరిగినాడు. 1831లో న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వచ్చినాడు. మరుసటి సంవత్సరం కలరా వ్యాపించి ఆ నగరంలో 18 వేల మందికి పైగా మరణించినారు. ఓజనామ్, అతని మిత్రులు ఒక విద్యార్థి చర్చాసభలో క్రైస్తవ మతం చేసిన మేలును గురించి వాదించేవారు. ప్రత్యర్థులు వారిని ఒక ప్రశ్న వేసినారు: మీ మతం పూర్వం గొప్ప పనులు చేసి ఉండవచ్చు, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి? దీనికి మాటలతో చెప్పగల సమాధానం వారి వద్ద లేకపోయినది.

ఆరుగురు విద్యార్థులు, ఇమ్మాన్యుయేల్ బయ్యీ అనే పత్రికా సంపాదకుడు కలిసి మొదటి సమావేశం జరిపినారు. ఆనాటికి ఓజనామ్‌కు సరిగా ఇరవై ఏళ్ళు. ఉత్సాహం ఉన్నా, పేదల ఇళ్ళలో ఎలా మెలగవలెనో ఈ యువకులకు తెలియదు. ఆ విద్య నేర్పినది రోజలీ రాండ్యు అనే మఠకన్య. మూఫ్తార్ పేటలోని నిరుపేదల మధ్య ఆమె ఎంతో కాలంగా పనిచేస్తున్నది. సందర్శించవలసిన కుటుంబాల జాబితాను, ఇవ్వవలసిన రొట్టె చీటీలను ఆమెయే సమకూర్చినది. సంస్థ చరిత్రలో ఆమె పేరు చాలాకాలం వెనుకబడి ఉండడం విచారకరం.

గృహసందర్శనం

సభ్యులు సాధారణంగా ఇద్దరిద్దరుగా వెళతారు. అవసరం ఏమిటో ఆ యింటివారి నోటనే వింటారు. బియ్యమా, అద్దె బాకీయా, మందులా, పిల్లల బడి రుసుమా అనేది విన్న తరువాతనే తేలుతుంది. కొన్నిసార్లు కావలసినది వస్తువు కాదు, ఒక దరఖాస్తు నింపిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం వంటిది. సహాయానికి మతం అడ్డు కాదు. చూసినది, విన్నది బయట చెప్పరాదనే నియమం ఉన్నది.

చర్చి ఆవరణలో జరిగే దానంలో ఇచ్చేవాడు గృహస్థు, పుచ్చుకొనేవాడు గుమ్మం వద్ద నిలబడిన పరాయివాడు. సందర్శనంలో ఇది తారుమారవుతుంది. కుర్చీ చూపి కూర్చోమనేది, మంచినీళ్ళు ఇచ్చేది ఆ యింటివారే. సభ్యుడు వారికి అతిథి. ఈ చిన్న మార్పు కోసమే సంస్థ ఈ పద్ధతిని విడిచిపెట్టలేదని చెప్పవచ్చు. ఇంటి లోపలికి వెళ్ళడం తనిఖీగా మారే ప్రమాదం కూడా లేకపోలేదు. మంచం కింద ఏమున్నదో చూసే కన్నుతో వెళితే ఆతిథ్యం అవమానమవుతుంది.

కాన్ఫరెన్సు సమావేశంలో ప్రార్థన, ఆధ్యాత్మిక పఠనం అయిన తరువాత సందర్శన వివరాలు చెప్పి, చేయవలసిన సహాయం నిర్ణయిస్తారు. చందా వసూలుకు ఒక సంచి తిప్పుతారు. ఎవరు ఎంత వేసినదీ పక్కవారికి తెలియదు. అందువలన కూలి చేసుకొనే సభ్యుడు, అధికారి అయిన సభ్యుడు సమానంగా కూర్చోగలుగుతారు.

దయ, న్యాయం

దానధర్మాలు పేదరికాన్ని తొలగించవని, దానిని భరించదగినదిగా మాత్రమే చేస్తాయని విమర్శ ఉన్నది. ఓజనామ్ దీనిని తోసిపుచ్చలేదు. దయ గాయాలకు కట్టు కడుతుంది, గాయాలు కాకుండా చూడడం న్యాయం పని అని అతని అభిప్రాయం. లియోన్‌లో వాణిజ్య న్యాయశాస్త్రం బోధించినప్పుడు, కూలి అనేది కార్మికుని బ్రతుకు తెరువుకే కాక పిల్లల చదువుకు, వృద్ధాప్యానికి కూడా సరిపోవలెనని వాదించినాడు. 1848 విప్లవ కాలంలో పత్రికలలో పేదల పక్షాన వ్రాసినాడు. అయినా సంస్థ మాత్రం రాజకీయాలకు దూరంగా ఉండవలెననే నియమం పాటించినది.

ఆ నియమం దానిని ప్రభుత్వ అనుమానం నుండి కాపాడలేదు. 1861లో మూడవ నెపోలియన్ ప్రభుత్వంలోని హోం మంత్రి పెర్సిన్యీ, పారిస్‌లోని కేంద్ర మండలిపై ఆంక్ష విధించినాడు. అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నియమించడానికి సభ్యులు సమ్మతించలేదు. ఫ్రాన్సులో కేంద్రం లేకుండానే విడివిడి కాన్ఫరెన్సులు పని సాగించినవి.

వ్యాప్తి

భారతదేశంలో ఈ సంస్థ 1863లో బొంబాయిలో మొదలైనది. ప్రస్తుతం సుమారు 150 దేశాలలో ఉన్నది. బ్రెజిల్, భారతదేశాలలో సభ్యుల సంఖ్య ఎక్కువ. తెలుగునాట కూడా కొన్ని విచారణలలో కాన్ఫరెన్సులు ఉన్నవి. ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశాలలో వాడిన బట్టలు, సామాన్లు అమ్మే దుకాణాల ద్వారా ఇది ఎక్కువమందికి తెలుసు. ఆరంభంలో పురుషులకే సభ్యత్వం ఉండేది. 1856లో ఇటలీలోని బొలోన్యాలో స్త్రీలకు వేరొక సంస్థ ఏర్పడి, 1960ల చివరలో దీనిలో విలీనమైనది.

ఓజనామ్ 1853 సెప్టెంబరు 8న మార్సేలో తన 40వ ఏట మరణించినాడు. 1997 ఆగస్టు 22న పారిస్‌లోని నోత్రదామ్ దేవాలయంలో పోపు రెండవ జాన్ పాల్ అతనిని ధన్యునిగా ప్రకటించినాడు. రోజలీ రాండ్యుకు ఆ గౌరవం 2003 నవంబరు 9న లభించినది.