మదర్‌బోర్డు పోయిందన్నరా? జెర ఆగుర్రి

పాత ల్యాప్‌టాప్ ఆన్ అయితలేదని దుకాణంకు తీస్కపోతే ఎక్కువసార్లు ఇనవడే మాట ఒక్కటే: "మదర్‌బోర్డు పోయింది." ఆ మాట అన్నంక ఇగ మనం అడిగేటందుకు ఏం మిగలది. బోర్డు ధర చెప్తరు, దానికి ఇంకొన్ని పైసలు కలిపితే కొత్తదే వస్తది గదా అంటరు. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లకు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే పిల్లగానికి ఇంట్ల ఉన్న ఒక్క మిషిని అదే అయితే, ఆ లెక్క అమ్మ మెడలున్న గొలుసు దాక పోతది.

బోర్డు పోయే మిషిన్లు ఉంటయి, లేవంటలేను. కానీ బోర్డు పోయిందని అనాల్నంటే దానికంటే ముందు చూడాల్సినవి ఐదారు ఉన్నయి. వాటికి పెద్ద సదువు అక్కర లేదు. చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, పెన్సిల్ రబ్బరు, టార్చిలైటు ఉంటే సాలు.

ముందుగాల "ఆన్ అయితలేదు" అంటే ఏందో తేల్చుకోవాలె. బటన్ ఒత్తితే లైటు గూడ వెలగకపోవుడు వేరు. లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, తెర నల్లగ ఉండుడు వేరు. తెర మీద ఇంగ్లీషు అచ్చరాలు వచ్చి ఆడ్నే ఆగిపోవుడు వేరు. మూడిటికి మందు ఒక్కటి గాదు. దుకాణంల ఈ తేడా అడగకుంటనే తీర్పు చెప్తుర్రంటే, ఆడికెల్లి మిషిని పట్టుకొని లేవుడే మంచిది.

లైటే రాకపోతే చార్జర్ కాడ మొదలువెట్టాలె. కరెంటు ఎక్కువ తక్కువ అయ్యే ఊర్లల్ల ముందు దెబ్బ తినేది చార్జరే. ఇంకో సాకెట్ల పెట్టి చూడుర్రి. దోస్తుల కాడ సరిపోయే చార్జర్ ఉంటే తెచ్చి పెట్టుర్రి. సరిపోవుడంటే పిన్ను పట్టుడొక్కటే గాదు. చార్జర్ ఎనుక రాసి ఉండే వోల్టులు, 19 గానీ 19.5 గానీ ఏదుంటే అదే ఉండాలె. ఆంపియర్లు మాత్రం పాతదానంత ఉన్నా సరే, ఎక్కువున్నా సరే, తక్కువ ఉండొద్దు. చార్జర్‌ను ఇప్పి చూసే పని మాత్రం పెట్టుకోకుర్రి, లోపట ఇంటి కరెంటు ఉంటది. పిన్ను గుచ్చే కాడ అటిటు కదిలిస్తే లైటు వచ్చి పోతుందా? అట్లయితే జాకు వదులైంది. అది టంకం పని, మదర్‌బోర్డు మార్చే పని గాదు.

చార్జర్ మంచిగనే ఉంటే, దాన్ని తీసి, బ్యాటరీ గూడ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు ఒత్తి పట్టుర్రి. లోపట నిలిచిపోయిన కరెంటు అంత పోతది. మల్ల బ్యాటరీ లేకుంట ఉత్త చార్జర్ పెట్టి ఒత్తుర్రి. ఇంత చిన్న పనికే లేచిన మిషిన్లు మస్తున్నయి. అట్ల లేస్తే, చెడిపోయింది బ్యాటరీ కావొచ్చు. బ్యాటరీ ఉబ్బి కనవడితే దాన్ని గుచ్చుడు, ఒత్తుడు, ఎండల పెట్టుడు అసలే చెయ్యొద్దు. అంటుకుంటది.

ఇగ రెండో రకం: ఫ్యాన్ తిరుగుతది, తెర రాదు. జనం ఎక్కువ మోసపోయేది ఈడనే. మొదలు క్యాప్స్ లాక్ ఒత్తుర్రి. దాని చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపట మిషిని సోయిల ఉన్నట్టు, కండ్లే పోయినట్టు. చీకట్ల తెర మీద టార్చిని ఏటవాలుగ కొట్టుర్రి. మసక మసకగ బొమ్మ కనవడితే తెర ఎనుక లైటు పోయింది. ఇంట్ల టీవీకి హెచ్‌డీఎంఐ వైరు ఉంటే దాన్ని పెట్టి చూడుర్రి. టీవీల బొమ్మ వచ్చిందంటే మదర్‌బోర్డుకు చాన వరకు ఏం గాలేదు. తెరనో, దాని వైరో చూసుకోవాలె.

టీవీల గూడ రాకపోతే అనుమానం ర్యామ్ మీద. పాత మిషిన్ల గొప్పతనం ఏందంటే కింద మూత ఇప్పితే ర్యామ్ పట్టీలు కనవడతయి. బ్యాటరీ తియ్యాలె, ఇనుప కిటికీ చువ్వనో నల్లానో ఒకసారి ముట్టుకోవాలె. ఒంట్లున్న కరెంటు పోవాలె గదా, అది ర్యామ్‌ను కాలవెట్టగలదు. రెండు పక్కల క్లిప్పులు జరిపితే పట్టీ లేస్తది. దాని అంచుకు బంగారు రంగు గీతలుంటయి. వాటిని పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొట్టు ఊది, మల్ల గట్టిగ కూసోవెట్టాలె. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటి పెట్టి చూడాలె, రెండు గాడిలల్ల మార్చి చూడాలె. తుంపర, దుమ్ము ఉండే మన ఇండ్లల్ల ఆ గీతల మీద మురికి పట్టి కరెంటు అందకుంట అయితది. అంతే సంగతి. ఆన్ చేసేటప్పుడు "బీప్ బీప్" అని కూస్తే ఎన్నిసార్లు కూసిందో లెక్కవెట్టుకోర్రి. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటది, మోడల్ పేరుతోని నెట్ల ఎతికితే దొరుకుతది. లోపట గుండ్రటి బిల్ల బ్యాటరీ ఉంటది, మూడు వోల్టుల సీఆర్2032. తేదీ ఊకె పాత సంవత్సరానికి పోతుందంటే దాని పని అయిపోయినట్టు. వాచీల దుకాణంల గూడ దొరుకుతది.

మూడో రకంల మిషిని బతికే ఉంటది. "నో బూటబుల్ డివైస్" అని చూపెడితే హార్డ్ డిస్కో, విండోసో దెబ్బతిన్నట్టు. ఆన్ చెయ్యంగనే ఎఫ్2నో, ఎస్కేపో, డిలీటో ఒత్తితే లోపటి సెట్టింగులు తెరుసుకుంటయి. అండ్ల డిస్కు పేరు ఉందంటే డిస్కు ఇంక కనవడుతుందన్న మాట, విండోస్ చెడిపోయిందేమో. ఈడ దుకాణపాయన "ఫార్మాట్ కొడితే అయిపోతది" అంటడు. ఆగమనుర్రి. బోనఫైడ్లు, ప్రాజెక్టు రిపోర్టు, సచ్చిపోయిన నాయన ఫోటోలు అండ్లనే ఉంటయి. పెన్‌డ్రైవ్‌ల లైనక్స్ ఎక్కించి, దాంతోని మిషిని లేపి, ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలె. ఫార్మాట్ సంగతి ఆ తర్వాత. డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటుంటే మాత్రం మల్ల మల్ల ఆన్ చెయ్యొద్దు. ఆన్ చేసినకొద్ది ఉన్నదాంట్ల ఇంకింత పోతది.

కంపెనీలు ఈ పనులన్నీ మన చేతికెల్లి గుంజుకుంటున్నయి. కొత్త సన్న ల్యాప్‌టాపులల్ల చానవాటికి ర్యామ్‌ను బోర్డుకే టంకం పెడుతుర్రు, బ్యాటరీని గమ్ముతోని అతికిస్తుర్రు. రబ్బరుతోని రుద్దుదామంటే రుద్దేటందుకే ఏం లేదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 నాడు విండోస్ 10కు మద్దతు బంద్ చేసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. మంచిగ నడిచే మిషిన్లు గట్లనే పాతసామాన్ల పడతయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌ల "రైట్ టు రిపేర్" పోర్టల్ తెచ్చింది. మాన్యువళ్లు, విడిభాగాల ముచ్చట అండ్ల పెట్టాలని కంపెనీలకు చెప్పింది. కానీ పోర్టల్ అంటే చట్టం గాదు. రిపేరు మన హక్కని చట్టంల రాసే దాక కంపెనీ ఇచ్చిందే దిక్కు. అప్పటిదాక పాత మిషిని మీద లైనక్స్ మింటో, లుబుంటో ఏసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. సదువుకునే పిల్లలకు రాసుకునుడు, నెట్టు, పీడీఎఫ్‌లు అన్నీ నడుస్తయి.

ఇవన్నీ చేసినా లేవకపోతే అప్పుడు బోర్డు. అప్పుడు గూడ బోర్డే మార్చాలని లేదు. దాని మీద చిన్న భాగం ఒకటి షార్ట్ అయితే చిప్ లెవెల్ పని తెలిసినోళ్లు ఆ ఒక్కటే మారుస్తరు. సికింద్రాబాద్ సీటీసీల గట్లాంటి మెకానిక్కులు దొరుకుతరు, జిల్లా కేంద్రాలల్ల గూడ అడిగితే తెలుస్తది.

ఇచ్చే ముందు హార్డ్ డిస్కు ఇప్పి ఇంట్లనే పెట్టుకోర్రి, బోర్డు చూసేటందుకు దాని అవసరం ఉండది. ర్యామ్ ఎన్ని జీబీలో, మిషిని సీరియల్ నంబర్ ఏందో చిట్టీ మీద రాయించి సంతకం తీసుకోర్రి. ఏ భాగం మార్చినా పాతది మన చేతిల పెట్టాలని ముందే చెప్పుర్రి.